అడిగితేనే చెప్పే వదిన

జూన్ 4

స్పానరమ్మకు,

మీ వదిన ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఈ పేరుతో పిలిచానని కోపం తెచ్చుకోకు. పెట్టింది మీ అన్నయ్యే అయినా, బస్సు డిపోలో నలుగురు మగ మెకానిక్కుల మీద మేస్త్రీవై తిరుగుతున్నావని తలుచుకున్నప్పుడల్లా నా నోటికీ అదే వస్తుంది.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. మా ఇంట్లో ఫోను మాట్లాడడమంటే వీధిలో మైకు పెట్టడమే. నేను హలో అనగానే మీ అన్నయ్య వచ్చి స్పీకరు నొక్కుతారు. ఆ తర్వాత మాట్లాడేది ఆయన, వినేది నేను. ఇది ఆయన వినకూడని సంగతి.

మన కారుకు ఒంట్లో బాగాలేదు. ఎత్తు ఎక్కుతుంటే దగ్గుతుంది. వెనక నల్లటి పొగ. పోయిన నెల పొగ పరీక్షలో తప్పింది. మళ్ళీ ఈ నెల ముప్పయ్యో తేదీన రమ్మన్నారు. అప్పుడు కూడా తప్పితే అమ్మేస్తానని మీ అన్నయ్య ప్రకటించేశారు. మలుపులో ఉన్న కొట్టాయన బస్తాలు తోలుకోవడానికి తీసుకుంటాడట. అప్పుడే వచ్చి, చుట్టూ తిరిగి, టైర్లు కాలితో తన్ని చూసి వెళ్ళాడు. నన్ను తన్నినట్టే అయింది.

నలభై ఎనిమిదో ఏట స్టీరింగు పట్టుకున్నదాన్ని నేను. ప్రతి శనివారం ముగ్గురు పెద్దమ్మలను ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళి, తీసుకొస్తాను. ఒకామెకు మోకాళ్ళు వంగవు. ఒకామెకు చూపు ఆనదు. మూడో ఆమెకు అన్నీ బాగానే ఉన్నాయి గాని కారంటే మోజు. వారమంతా ఇంట్లో తిరిగేదాన్ని, ఆ కాసేపు నాలుగు చక్రాలు నా చేతిలో ఉంటాయి. "దేవుణ్ణి ఇంట్లో కూర్చుని తలుచుకోకూడదా?" అంటారు మీ అన్నయ్య. తలుచుకోవచ్చు. కానీ ఇంట్లో గేర్లు ఉండవు కదా.

"ఇంజను ముసలిదైపోయిందే! కార్ల సంగతి నాకు తెలీదా?" అని ఆయన. నాకు మాత్రం ఆయన పాదం బరువే కారణమనిపిస్తుంది. పెడలు మీద కాలు పెడితే బొద్దింకను తొక్కినట్టు తొక్కుతారు. పెద్దమ్మ మోకాళ్ళను చూసే డాక్టరు ఒకసారి, "ముందు ఊపిరి సరిగ్గా అందుతోందో లేదో చూడాలి, తర్వాతే మిగతావి" అన్నాడు. కారు ఊపిరి ఎలా తీసుకుంటుందో నాకు చెప్పు. శుభ్రం చేయడం నాకు చేతనైన పనే. నేను చేస్తాను.

ఒక్క మాట ముందే చెబుతున్నాను. నేను అబద్ధం ఆడను. ఆయన సూటిగా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. అడగనివి కూడా చెప్పి తీరాలని మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఉత్తరాలు ఆయన పోస్టాఫీసు మీదుగానే వస్తాయని భయపడకు. ఆయన కూర్చునేది కౌంటరులో. సంచులు విప్పి ఉత్తరాలు వేరుచేసేవాళ్ళు వేరు.

ఇల్లు మామూలే. మిక్సీకి కొత్త తొడుగు కుట్టాను. రేడియోకు, టీవీకి, గ్యాసు సిలిండరుకు, కుట్టుమిషనుకు ఎప్పుడో అయిపోయాయి. "ఇంకో గంట కదలకుండా కూర్చున్నానంటే నాకూ ఒకటి తొడిగేస్తావు" అని ఆయన ఎగతాళి. దుమ్ము పడుతుంటే చూస్తూ ఊరుకోలేను, ఏం చేయను?

నీ చేతులకు దెబ్బ తగలకుండా దేవుడు కాపాడాలి.

మీ వదిన

జూన్ 9

వదినా,

నీ ఉత్తరం చదివి బస్సు కింద పడుకునే నవ్వాను. పైన ఉన్నవాడు బస్సుకేమైందోనని వంగి చూశాడు. అడగనిదే చెప్పని వదినా! ఇంత గడుసుతనం ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావమ్మా?

సరే, పాఠం. ముందువైపు హెడ్‌లైటు పక్కన అరచేయంత వెడల్పున ఒక గొట్టం మూతి ఉంటుంది. అది కారు ముక్కు. గాలి అక్కడ లోపలికి పోతుంది. అక్కడి నుంచి ఒక నల్ల డబ్బాలోకి. డబ్బాలో మడతలు మడతలుగా కాగితం ఫిల్టరు ఉంటుంది, దుమ్మును అది పట్టేస్తుంది. డబ్బా దాటాక గాలి ఎంత వస్తోందో కొలిచే సెన్సారు. దాంట్లో వెంట్రుకంత తీగ. ఆ తర్వాత రబ్బరు గొట్టం, దాని చివర గుండ్రటి రెక్క. నువ్వు పెడలు నొక్కితే తెరుచుకునేది ఆ రెక్కే. అది దాటితే ఇంజను.

గాలి చాలకపోతే ఇంధనం సరిగ్గా కాలదు. కాలకుండా మిగిలిందే నీ నల్ల పొగ. కాబట్టి అన్నయ్య కాలిని ఇప్పుడే ఉరి తీయకు, ముందు విచారణ కానివ్వు.

మొదటి పని. ఇంజను చల్లగా ఉన్నప్పుడు డబ్బా క్లిప్పులు పైకి లేపి, ఫిల్టరు తీసి, వెలుతురుకు పట్టుకుని చూడు. మడతల్లోంచి వెలుతురు కనబడితే మంచిది. కనబడకపోతే నాకు రాయి.

రెండో కాగితం వెనక్కి తిప్పి చదువు. హెచ్చరికలన్నీ అక్కడే రాశాను.

నీ స్పానరమ్మ

జూన్ 13

అమ్మా స్పానరమ్మా,

కాగితం వెనక్కి తిప్పమని రాశావు. తిప్పాను. కానీ ముందు పని చేసి, తర్వాత తిప్పాను. జాబులో చివరి మాటలన్నీ కుశల ప్రశ్నలే ఉంటాయనుకుని అక్కడిదాకా ముందు చదవలేదు. అందులో మొదటి హెచ్చరికే "ఫిల్టరు నీళ్ళలో పెట్టొద్దు" అని ఉంది. అప్పటికి దాన్ని సబ్బు నీళ్ళలో నానబెట్టి, మూడుసార్లు జాడించి, పెరట్లో తీగ మీద ఆరేసి వచ్చాను.

ఏం నలుపు తల్లీ! మొదటి నీళ్ళు బొగ్గు కడిగినట్టే ఉన్నాయి.

క్లిప్పులు నాలుగు. మూడు తేలిగ్గానే లేచాయి. నాలుగోదానికి దేవుణ్ణి తలుచుకుని స్క్రూడ్రైవరు వాడాను.

మీ అన్నయ్య భోజనానికి వచ్చి పెరట్లోకి వెళ్ళారు. ఆయన చొక్కాలు రెండిటి మధ్య ఆ మడతల వస్తువు వేలాడుతోంది. కాసేపు చూశారు.

"ప్రార్థన మందిరం హార్మోనియం తిత్తి కూడా మనింటికే తెచ్చావా ఉతకడానికి?" అన్నారు.

నేను పళ్ళెం పెట్టాను.

"ఊళ్ళోవాళ్ళ చాకిరీ అంతా నీకే!" అంటూ కూర్చున్నారు. చారు బాగుందన్నారు. బాగుందని నేనూ అన్నాను. అసలు ఆ వస్తువు ఏమిటని ఆయన అడగలేదు, ఊళ్ళోవాళ్ళ చాకిరీ నాకెందుకని విసుక్కున్నారంతే. దానికి జవాబు ఆయన కోరలేదు. పడుకునే ముందు దేవుడికి మాత్రం మొత్తం విన్నవించుకున్నాను.

ఫిల్టరు ఆరింది గాని మడతలన్నీ ఒకదానికొకటి అతుక్కుని అప్పడంలా అయింది. ఇప్పుడేం చేయను?

వదిన

జూన్ 17

వదినా,

కాగితాన్ని ఉతికి ఆరేసిన మనిషిని నా సర్వీసులో నిన్నే చూస్తున్నాను. డిపోలో అందరికీ చెప్పాను, ఏమనుకోకు. ఒకడు ఇస్త్రీ కూడా చేశారా అని అడుగుతున్నాడు.

ఆ అప్పడాన్ని పారెయ్. ఈ పార్సెలులో కొత్త ఫిల్టరు ఉంది, రెండు స్ప్రే డబ్బాలున్నాయి. నీలం మూతది సెన్సారుకు. దూరం నుంచి కొట్టు, అంతే. తీగను వేలితో గాని గుడ్డతో గాని తాకావంటే దాని పని అయిపోయినట్టే. పూర్తిగా ఆరేదాకా ఆగి బిగించు. ఎర్ర మూతది రెక్కకు. మెత్తటి పాత బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడువు. రెక్కను బలవంతంగా తిప్పకు. రబ్బరు గొట్టం వంచి చూడు, ఎక్కడైనా పగిలిందేమో. అన్నీ అయ్యాక ఇంజను కాసేపు కొత్త కోడలిలా ఊరికే హడావిడి పడుతుంది. కంగారుపడకు, సర్దుకుంటుంది.

ఇంకొకటి. ఆ ముక్కు సంగతి చూశావా? ఆకులూ, పాలిథిన్ సంచులూ అడ్డం పడుతుంటాయి. మా దగ్గర ఒక బండి ముక్కులో ఎలుక సంసారమే పెట్టింది, పిల్లలతో సహా.

ఈసారి హెచ్చరికలన్నీ ముందువైపే రాశాను, గమనించగలరు.

స్పానరమ్మ

జూన్ 21

అమ్మా స్పానరమ్మా,

పార్సెలు అందింది. నువ్వు చెప్పినవన్నీ పూసగుచ్చినట్టు చేశాను.

సెన్సారుకు దూరం నుంచి స్ప్రే కొట్టి, తువ్వాలు మీద పెట్టి, తాకాలనిపించకుండా నా చేతులు రెండూ జోడించుకుని కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం ఎందుకని ప్రార్థన కూడా చేసుకున్నాను. అది ఆరేసరికి నా మనసూ తేలికపడింది. రెక్క అయితే మాడిన మూకుడే. బ్రష్షుతో రుద్దుతుంటే లోపల ఇత్తడి రంగు బయటపడింది. నాకు కన్నీళ్ళొక్కటే తక్కువ. రబ్బరు గొట్టానికి పగుళ్ళు లేవు.

బ్రష్షు సంగతి నీకు మాత్రం చెబుతాను. స్నానాలగదిలో కుచ్చు విచ్చుకుపోయిన బ్రష్షు ఉంటే పాతదనుకుని తెచ్చాను. పని మధ్యలో గుర్తొచ్చింది, అది మీ అన్నయ్య రోజూ వాడేది. ఆయన పళ్ళు కూడా పెడలు తొక్కినట్టే తోముతారు, అందుకే అలా విచ్చుకుంది. అచ్చం అదే రంగు కొత్తది కొనుక్కొచ్చి గ్లాసులో పెట్టాను. ఆయన అడగలేదు.

ఇంత చేసినా ఏం లాభం? ఇవాళ శనివారం. పెద్దమ్మలు ఎక్కారు. ఇంజను చప్పుడు నున్నగా ఉందని చూపు ఆనని పెద్దమ్మే చెప్పింది. కానీ నీళ్ళ ట్యాంకు దగ్గర ఎత్తు మీద మళ్ళీ అదే దగ్గు, అదే పొగ. మొదటి గేరులో పాకుతూ ఎక్కాం. పక్కనుంచి సైకిలాయన దాటిపోతూ మాకు నమస్కారం పెట్టాడు. తొమ్మిది రోజులే ఉంది. కొట్టాయన బస్తాలు నా కళ్ళముందు కనబడుతున్నాయి.

ఇప్పుడు అసలు మాట. నేను క్లిప్పుల్లో నాలుగోదాన్ని సరిగ్గా నొక్కలేక వదిలేశాను. మర్నాడు చూస్తే గట్టిగా నొక్కి ఉంది. మీ అన్నయ్య చొక్కా చేతి అంచుకు నల్లటి మరక. ఆయన నా వెనక బానెట్టు ఎత్తుతున్నారు. అమ్మాలన్న పట్టుదలతో నేను బాగుచేసిందాన్ని ఆయన పాడుచేస్తున్నారు, వేరే ఏముంటుంది? ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈ మనిషిని ఇలా అనుకోవాల్సి వస్తుందనుకోలేదు. రెండు రోజులుగా ఆయన కాఫీలో చక్కెర వేయడం మానేశాను. ఆయన దాన్నీ అడగలేదు, మెదలకుండా తాగుతున్నారు. తప్పు చేసినవాళ్ళ లక్షణమే అది.

ముక్కు గురించి అడిగావు. దానికి నువ్వు బెంగపడనక్కరలేదు. దాన్ని నేను ఎప్పటినుంచో కనిపెట్టుకునే ఉన్నాను. పాపం, ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, రోడ్డు మీది దుమ్మంతా అందులోకే కదా. పోయిన చలికాలంలోనే దానికి తొడుగు కుట్టి ఎలాస్టిక్ పెట్టాను. మాసిపోయిందని ఈ వారం కొత్తది తొడిగాను. మందపాటి గుడ్డ, రెండు పొరలు. మూలన చిన్న పువ్వు కూడా కుట్టాను. దుమ్ము చొరబడే మాటే లేదు.

దిగులుగా ఉంది. నా కోసం ప్రార్థించు.

వదిన

జూన్ 25

వదినా, వదినా, మా బంగారు వదినా,

ముక్కు గురించి రాసిన పేరా మూడుసార్లు చదివాను. తర్వాత వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చదివాను.

తొడుగా? రెండు పొరలా? పువ్వుతో సహానా?

వదినా, అది ముక్కు. గాలి పోయేది అందులోంచే. నేను దుమ్ము ఆపమన్నది లోపలున్న ఫిల్టరును, నిన్ను కాదు. నువ్వు చేసిన పని ఏమిటో తెలుసా? మనిషి మూతికి దుప్పటి చుట్టి, మెట్లెక్కు, ఎందుకు ఆయాసపడుతున్నావు అని అడగడం. పొగ ఎప్పుడు మొదలైందో గుర్తు తెచ్చుకో. పోయిన చలికాలం కాదూ?

ఈ ఉత్తరం చేతిలో ఉండగానే లేచి వెళ్ళి దాన్ని తీసెయ్. కూర్చుని చదవకు, నడుస్తూ చదువు.

ఇక అన్నయ్య మీద అనుమానం పెట్టుకోకు. ఎందుకని అడక్కు. ఒకరికి చెప్పనని మాటిచ్చాను. నేనూ అబద్ధం ఆడను వదినా. ఎవరి దగ్గర నేర్చుకున్నానో నీకు తెలుసు. కాఫీలో చక్కెర మాత్రం వెయ్యి.

స్పానరమ్మ

జూన్ 28

అమ్మా,

నీ ఉత్తరం నిన్న మూడు గంటలకు వచ్చింది. నడుస్తూనే చదివాను, గుమ్మం తగిలింది. హెడ్‌లైటు పక్కన వంగి చూస్తే తొడుగు లేదు. ముక్కు నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. కింద వెతికాను, బానెట్టు కింద వెతికాను, గొట్టంలో చెయ్యి పెట్టి చూశాను. ఎక్కడా లేదు. ఎలాస్టిక్ గట్టిది, దానంతట అది ఊడే రకం కాదు.

అయినా ఇవాళ కారు తీశాను. ఏం చెప్పమంటావు! నీళ్ళ ట్యాంకు ఎత్తు మూడో గేరులో ఎక్కింది. కారంటే మోజున్న పెద్దమ్మ వెనకసీట్లోంచి "ఇంకోసారి! ఇంకోసారి!" అని కేకలు. వెనక్కి తిప్పి ఇంకోసారి ఎక్కించాను. ప్రార్థనకు అయిదు నిమిషాలు ఆలస్యమైంది, దేవుడు మన్నించాలి. పొగ లేదు. మోకాళ్ళ పెద్దమ్మ పనిగట్టుకుని వెనక్కి తిరిగి చూసి చెప్పింది.

కానీ నాకు ముద్ద దిగడం లేదు. ఆరు నెలలుగా ఆ మనిషి పాదాన్ని తిట్టుకున్నాను. కారును చంపుతున్నారని నీకు రాశాను. చంపుతున్నది నేను. ఆ కారు పోయి ఉంటే నా చేతులతో నేనే పోగొట్టుకున్నట్టు అయ్యేది. ఆయన అడగకపోయినా ఇది మాత్రం నేనే చెప్పాలి. అడిగితేనే చెప్పాలన్నది ఎదుటివాళ్ళ మీద తప్పు వేసి కూర్చున్నప్పుడు చెల్లదు.

రాత్రి భోజనం దగ్గర, "మీతో ఒక మాట చెప్పాలి" అన్నాను.

"పరీక్ష అయ్యాక చెప్పు" అని మంచినీళ్ళ గ్లాసు తీసుకుని గబగబా లేచి వెళ్ళిపోయారు. కాఫీలో నాలుగు చెంచాల చక్కెర వేశాను. అదీ తాగేశారు.

వదిన

జూలై 5

అమ్మా స్పానరమ్మా,

కారు గెలిచింది. నీకు ఆయన ముందే రాసి ఉంటారని ఇప్పుడు నాకు తెలుసు. అయినా నా నోట వినాలి నువ్వు.

పరీక్ష చేసేవాడు పొగ కొలిచే గొట్టాన్ని కారు వెనక పెట్టి, పెడలు గట్టిగా తొక్కమన్నాడు. తొక్కింది మీ అన్నయ్యే, బొద్దింకను తొక్కినట్టు. నేను కళ్ళు మూసుకున్నాను. కాగితం మీద ముద్ర పడిన చప్పుడికి తెరిచాను. "శుభ్రంగా ఉందండీ. ఎవరు చేశారు సర్వీసు?" అన్నాడు వాడు.

నేను ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూశారు. "ఇంట్లోవాళ్ళే" అన్నారు.

ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. ఫిల్టరు ఉతకడం, హార్మోనియం తిత్తి, క్లిప్పు, అనుమానం, చక్కెర, తొడుగు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. అంతా అయ్యాక సంచి తెరిచి, తన ఆఫీసు ముద్ర తీసి బల్ల మీద పెట్టారు. రోజూ ఉత్తరాల మీద కొట్టే తేదీ ముద్ర. దానికి తొడుగు ఉంది. మందపాటి గుడ్డ, రెండు పొరలు, మూలన పువ్వు. ఉతికి ఉంది.

"ముద్రకు దుమ్ము పడుతోంది" అన్నారు.

పోయిన నెల ఒకటో తేదీ నుంచే ఆయన్ను ఉత్తరాలు వేరుచేసే బల్ల దగ్గరికి మార్చారట. "మీరు చెప్పనేలేదే?" అన్నాను. "నువ్వు అడగలేదు" అన్నారు. నీ ప్రతి కవరు మీద గ్రీజు బొటనవేలి ముద్ర ఉంటుందట. మొదటిది చేతికి రాగానే స్పానరమ్మదని తెలిసిపోయిందట. విప్పి చూడలేదు, ఆ ఉద్యోగంలో అది మహాపాపం. కానీ ఇంటికొచ్చి బానెట్టు ఎత్తి చూశారు. అక్కడంతా నా చేతివాటం కనబడింది. అప్పుడు నీకు రాశారట, "నాకు ఇంజను గురించి ఓనమాలు కూడా రావు, మీ వదిన ఏదో చేస్తోంది, ఆ పని చెడిపోకుండా నేనేం చేయాలి, ఈ సంగతి దానికి చెప్పకు" అని. నువ్వు క్లిప్పు నొక్కమన్నావు. నొక్కారు. ఆఖరికి తొడుగు సంగతి ఇద్దరికీ ఒకే రోజు రాసి, ఎవరు ముందు తీస్తారో చూద్దామని కూర్చున్నావట! ఆయనకు రాసిన ఉత్తరం ఆయన బల్ల మీదికే పొద్దున్నే వచ్చింది. ఆ రోజు కళ్ళజోడు మరిచిపోయానంటూ ఆయన పన్నెండింటికి ఇంటికి వచ్చింది అందుకే. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది, నేనే గమనించలేదు.

"మరి అమ్మేస్తానన్నారు?" అని అడిగాను.

"బాగుచేయడం రాదని చెప్పడం కంటే ముసలిదైపోయిందనడం తేలిక" అన్నారు తల వంచుకుని. ఆ మాటకు నేను ఇంకేమీ అడగలేదు.

కొట్టాయన మళ్ళీ వచ్చి టైరు మీదికి కాలెత్తాడు. "చెప్పులు అక్కడ విడిచి రండి" అన్నారు మీ అన్నయ్య. ఆయన వెళ్ళిపోయాడు.

అంతా సుఖంగా ముగిసిందనుకుంటున్నావేమో. మర్నాడు పొద్దున అద్దం ముందు నిలబడి, "ఈ బ్రష్షు పది రోజులుగా కొత్తగా ఉందేమిటి? పాతదేమైంది?" అన్నారు. అడిగారు. సూటిగా అడిగారు. చెప్పేశాను. ఆయన నోట్లో ఉన్నది కొత్తదేనని ఎంత చెప్పినా వినకుండా అరగంట పుక్కిలించారు.

కారు తాళంచెవిని ఆయన తన మేకు నుంచి తీసి, నా ప్రార్థన పుస్తకం పక్కన మేకుకు తగిలించారు. దానికి నేను తొడుగు కుట్టలేదు. కుట్టాలని చెయ్యి ఊరుకోవడం లేదు గాని, కుట్టలేదు.

ఇవాళ శనివారం. తనూ వస్తానన్నారు. డ్రైవింగు చేసేది నేను, పక్కన కూర్చుని అడిగితేనే నోరు విప్పాలి అన్నాను. ఒప్పుకున్నారు. నీళ్ళ ట్యాంకు ఎత్తు మీద గేరు మార్చమని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకున్నారు. వెనక సీటులో ముగ్గురు పెద్దమ్మలు ముసిముసిగా నవ్వుతున్నారు.

నేను అడగలేదు.

మీ వదిన